నేలకు ఆనిన అరచెయ్యి

పత్తి విడిపించే గుంపులో పసిబిడ్డలను చూసుకునే మనిషి ఒకరుంటారు. ఆమె సాలు పట్టదు. గట్టున ఉండే తుమ్మచెట్టుకు చీర ఉయ్యాల కట్టి బిడ్డలను ఊపుతా కూచుంటాది. మిగతా ఆడోళ్లు ఒడి నిండి కుప్ప దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక పిడికెడు పత్తి తీసి ఆమె సంచిలో వేస్తారు. సాయంత్రం అందరి మూటలతో పాటు ఆమె సంచీ కాటాకు ఎక్కుతాది. ఏ రైతూ దీన్ని కనిపెట్టలేదు, ఏ సర్కారూ జీవో ఇవ్వలేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఊర్లల్లో కూలికి పోయే ఆడోళ్లు వాళ్లకు వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు ఇది.

లక్ష్మక్క గుంపులో మాత్రం ఆ పిడికెడు ఇంకొక సంచిలో గూడా పడేది. అది చదివే మనిషి సంచి.

చదివే మనిషి మహాదేవి. ఎమ్మిగనూరులో ఇంటర్ దాకా చదివి, ఆపైన చదివించేటోళ్లు లేక తల్లి బసమ్మ ఎనకాల చేనుకు వచ్చిన పిల్ల. పత్తి విడిపించడం ఆమెకు చేతకాదు. ముల్లు గీరుకుంటే ఆగి చెయ్యి చూసుకుంటాది. సాయంత్రానికి ఆమె మూట చూసి గుంపంతా నవ్వేది. ఒకరోజు బసమ్మే ఎత్తింది ఆ మాట. పిల్లోళ్లను ఊపేదానికి పిడికెడు వేస్తాండాం గదా, మనల్ని ఊపేదానికి ఒకటి వేస్తే ఏం పోతాది అని. బసమ్మకు సంతకం గూడా రాదు. కథలంటే మాత్రం చెవి కోసుకుంటాది. గుంపు పెద్ద లక్ష్మక్క ఒప్పుకుంటా ఒక షరతు పెట్టింది.

"సదువు మాదేవీ. బాగలేకపోతే ఏసిన పిడికెడు ఎనక్కి తీసుకుంటాం."

పుస్తకం ఆదోనిలో దొరికింది. గఫూర్ సాబ్‌ది పాత పేపర్ల దుకాణం. బసమ్మ పోయి, కథ ఉండే బుక్కు కావాలప్పా అని అడిగితే ఆయన గుట్టలో చెయ్యి పెట్టి లావుపాటిది ఒకటి లాగినాడు. అట్ట లేదు. ముందు పేజీలు లేవు. పేరేందో, రాసినోడెవరో తెలీదు. కరువు కాలంలో మొగుడు సచ్చిపోయిన గంగమ్మ అనే ఆమె, నలుగురు బిడ్డలను ఎంటేసుకొని ఊరూరూ గంజి కేంద్రాలు వెతుక్కుంటా పోయే కథ. లావుగా ఉంది, శానా దినాలు వస్తాదని బసమ్మ దాన్నే తెచ్చుకుంది.

మహాదేవి సాళ్ల మధ్య నిలబడి గట్టిగా చదివేది. గుంపు ముందుకు కదిలితే తానూ కదిలేది. ఆడోళ్లు ఊరికే వినేటోళ్లు కాదు. గంగమ్మతో కొట్లాడేటోళ్లు. ఆ ఇంటికి పోవద్దని చెప్పమ్మా ఆమెకు అనేటోళ్లు. పెద్దపిల్లను ఒక ముసలిదాని దగ్గర ఇడిసిపెట్టి పోయిన దినం గంగమ్మను సాయంత్రం దాకా తిట్టినారు. లక్ష్మక్కకు రాసినోడి మీదనే అనుమానం.

"ఇన్ని కష్టాలు పడుతాంది గానీ ఈ గంగమ్మ ఒక్క దినమన్నా పొయ్యి ఊదలేదు, గిన్నె తోమలేదు. రాసినోడు మొగోడే."

ఇంకొక సంగతి చెప్పాల. ఇది తెలీకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆ ఊర్లో సావు కబురు చెవిన పడితే ఆడోళ్లు వంగి, వేళ్ల కొసలు నేలకు తాకించి, నొసటికి అద్దుకుంటారు. సచ్చినోళ్లు మనోళ్లయినా, పగోళ్లయినా సరే. పని మధ్యలో ఉన్నా సరే. కథలో సచ్చినోళ్లకు గూడా తాకేటోళ్లు. గంగమ్మ మామకు తాకినారు. గంగమ్మ ఎద్దుకు గూడా తాకినారు.

ఆ దినం నాగన్న చేను. చెట్ల పైన ఇంకా పగలని కాయలకు గులాబీ పురుగు పడిందని నాగన్న మందు కొట్టించినాడు. కొట్టింది ముందురోజు పొద్దుగూకే ముందు. లక్ష్మక్క చేన్లో కాలు పెట్టగానే వాసన పట్టింది. ఏమప్పా మందు కొట్టినట్టుండావే అంటే, వారమాయె, మంచుకు కడుక్కపోయింది అన్నాడు నాగన్న. బోరు కాడ ఖాళీ డబ్బాలు పడున్నాయి. మూతల మీద దుమ్ము గూడా పడలేదు. అందరూ చూసినారు. ఎవరూ నోరెత్తలేదు. ఎనక్కి తిరిగి పోతే ఆ పొద్దు కూలి పోతాది. రేపటి నుంచి నాగన్న పిలవడు, నాగన్న చెప్తే పక్కచేనోడూ పిలవడు. కొంగు ముక్కుకు కట్టుకొని దిగినారు.

పొద్దు బాగా ఎక్కేసరికే తలనొప్పులు మొదలైనాయి. బసమ్మ మొగుడి పాత నిండు చేతుల చొక్కా తొడుక్కుంది, కుడిచేతికి మడత గుండీ లేదు, చెయ్యి మోచేతి దాకా మందు కలిసిన మంచుతో తడిసిపోయింది. కడుపులో తిప్పుతాందని అంటే నీళ్లు తాగమన్నారు. తాగి మళ్లా సాలు పట్టింది.

అప్పుడొచ్చినాడు పర్వేజ్. గఫూర్ సాబ్ కొడుకు. ఆదోనిలో ఫోటో స్టూడియో, పెండ్లిళ్లకు తీస్తాడు. చేన్లో చదివించుకునే ఆడోళ్లు ఉన్నారని తండ్రి చెప్తే బండేసుకొని వచ్చినాడు. లక్ష్మక్క అతన్ని చూసి, ముందే చెప్పింటే పౌడరు కొట్టుకోని వస్తాంటిమి గదా నాయనా అనింది. మీరు పని చేసుకోండక్కా, నేను లేననుకోండి అని అతను గట్టు మీద నిలబడినాడు.

మహాదేవి ఆ పొద్దు చదివిన భాగంలో గంజి కేంద్రం ముందు వరసలో గంగమ్మ చిన్నబిడ్డ సచ్చిపోతాడు. తల్లి చంకలోనే సచ్చిపోతాడు, వరస కదిలేదాకా ఆమెకు తెలీదు. ఆ మాట రాగానే చేను చేనంతా వంగింది. తెల్లగా పగిలిన పత్తి, నడుమ నిలబడిన పిల్ల, చేతిలో అట్టలేని పుస్తకం, చుట్టూ ఒక్కసారిగా నేలకు వంగిన ఆడోళ్లు. పర్వేజ్ కెమెరా నొక్కినాడు. మళ్లా ఇట్లాంటిది దొరకదని అతనికి అప్పుడే తెలిసింది. ఆదోనిలో ఏదో నిశ్చితార్థం ఉందని బండెక్కి పోయినాడు.

ఆడోళ్లంతా నొసళ్లకు అద్దుకొని లేసినారు. బసమ్మ లేవలేదు.

మహాదేవి చదువుతానే ఉంది. పేజీ తిప్పింది. ఆ పేజీ సగానికి వచ్చేసరికి బసమ్మ పక్కకు ఒరిగి, నోట్లో నురగతో, కాళ్లు కొట్టుకుంటా ఉంది. ఆటో దొరికి, ఎమ్మిగనూరు దారిలో పడి, ఊరు కనపడకముందే ఊపిరి పోయింది. గుండె ఆగింది పాపం అన్నాడు నాగన్న. ఆయన చెప్పిందే ఊరంతా చెప్పింది. పొద్దుగూకే లోపల పూడ్చినారు.

మహాదేవి పుస్తకాన్ని గోనెసంచిలో చుట్టి అటక మీద పారేసింది. చేనుకు మాత్రం పోయింది. పోకపోతే తినేదెట్ల. ఆడోళ్లు అలవాటు కొద్దీ ఆమె సంచిలో పిడికెడు వేసేటోళ్లు. ఆమె తీసి కుప్పలో పోసేసేది. చదవమని ఎవరూ అడగలేదు. గంగమ్మ మిగతా ఇద్దరు బిడ్డలను తీసుకొని ఆ వరసలోనే నిలబడిపోయింది.

ఎండాకాలానికి ఆ ఫోటో బయటికొచ్చింది. ఏదో పోటీలో పర్వేజ్‌కు మొదటి బహుమతి. ఆపైన ఫోన్లలో పడింది. ఎన్ని ఊర్లు తిరిగిందో. దాని కింద మనుషులు రాసిన రాతలు చదివితే ఒళ్లు మండుతాది. పుస్తకం ఆకలిని మరిపిస్తుందట. అక్షరం ముందు శ్రమ తల వంచిందట. ఎండిన నేల మీద మనిషి మొండితనానికి ఇది గుర్తట. ఒకాయన అయితే ఆ ఫోటో చూసి తన ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ బీరువాలోంచి తీసి దుమ్ము దులిపినానని పేజీ నిండా రాసినాడు. ఆ చేన్లో పుస్తకం ఎవరి ఆకలినీ మరిపించలేదు. వంగినోళ్లు వంగినట్టే ఉన్నారు. వాళ్లకు వాళ్ల కష్టం గాక ఇంకొకరి కష్టం తిట్టుకునేదానికీ, ఏడ్చేదానికీ దొరికింది. అది తక్కువేం కాదు. గానీ దాన్ని చూసి మురిసిపోయే హక్కు చేన్లోకి దిగనోనికి ఎవరిచ్చినారు?

ఆదోనిలో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టినారు. పుస్తకాల గురించి పెద్దలు మాట్లాడుతారు, మహాదేవికి శాలువా కప్పుతారు, ఆమె ఆ పుస్తకంలో ఒక పేజీ చదవాల. పిలిచేదానికి పర్వేజ్ ఊరికి వచ్చినాడు. వాకిట్లో నిలబడి మొదట అడిగిన మాట, మీ అమ్మ యాడుందమ్మా అని. మహాదేవి లోపలికి పోయింది. పక్కింటోళ్లు చెప్పినారు. గుండెపోటని చెప్పినారు. ఏ దినమో అతను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. సభ సంగతి ఎత్తలేక అతను తిరిగిపోతాంటే లక్ష్మక్కే పిలిచి కనుక్కొని, ఆ పిల్లను తీసుకొస్తా పో అని మాటిచ్చింది. రాను అని మహాదేవి మొండికేస్తే, ఆ బుక్కు తెచ్చింది మీ యమ్మ, శాలువా ఆమెకే అనుకో అని అటక మీది సంచి తానే దించింది.

గుంపంతా ఒక ఆటోలో కుక్కుకొని పోయినారు.

హాల్లో వేదిక ఎనకాల గోడంత ఫ్లెక్సీ. ఆ ఫోటోనే. కింద ఆ ఫ్లెక్సీ కట్టించినోళ్ల పేరు, ఒక విత్తనాలు, పురుగుమందుల దుకాణం. ఎవరికీ అది తప్పుగా కనపడలేదు. ఆదోనిలో పెండ్లి ఫ్లెక్సీ కింద గూడా అదే ఉంటాది.

మహాదేవిని వేదిక మెట్ల పక్కన కుర్చీలో కూచోబెట్టినారు. ఫ్లెక్సీ కుడిపక్క మూల ఆమె మొగానికి బారెడు దూరంలో ఉంది. చిన్న ఫోటోలో చీమంత ఉండే మూల, ఈడ మనిషంత ఉంది. నిండు చేతుల చొక్కా. మడత గుండీ లేదు. మొగం కొంగులో ఉంది. చెయ్యి నేల మీద ఉంది.

ఒక పెద్దాయన పుస్తకం మనిషికి ఎన్నెముక అని మాట్లాడుతాండాడు. మహాదేవి లేసి ఆ మూల దగ్గరికి పోయి చూసింది. ఫోటోలో ఆ పక్కనున్న లక్ష్మక్క చెయ్యి చూసింది, ఆ పక్కన ఇంకొకామెది చూసింది. అన్నీ వేళ్ల కొసలే నేలకు తాకినాయి. మళ్లా మొదటిది చూసింది. వచ్చి లక్ష్మక్క పక్కన కింద కూచుంది.

"అక్కా, అది మా యమ్మ గదా."

లక్ష్మక్క అప్పటికే చూసింది. ఊ అనింది.

"అది తాకింది కాదక్కా. ఆనుకునింది. అరచెయ్యంతా ఆనిచ్చింది. పడిపోకుండా పట్టుకునింది."

పైన ఎన్నెముక గురించి చప్పట్లు పడినాయి.

"అప్పుడు తెలీలేదు మాదేవీ. కథలో బిడ్డ సచ్చిపాయ. మేమంతా తాకితిమి, ఆమె గూడా తాకిందనుకుంటి. లేవకపోతే ఏడుస్తాందనుకుంటి. మీ ఈరేషు గుర్తొచ్చినాడేమో, పాపం ఏడ్సనీలే అని పక్క సాలుకు పోతి."

ఈరేష్ మహాదేవి తమ్ముడు. నడక రాకముందే జ్వరంతో పోయినాడు. బసమ్మ వాని పేరెత్తేది కాదు. అది గుంపుకంతా తెలుసు. తెలిసినందుకే ఎవరూ ఆమె దగ్గరికి పోలేదు. ఆమెను కాసేపు ఆమె బిడ్డతో ఇడిసిపెట్టినామనుకున్నారు.

"నేను ఆ సావు సదివినందుకే గదక్కా ఇట్లాయె. సదవకుంటే ఆమె వంగినప్పుడే మీకు తెలుస్తాండె."

"తెలుస్తాండె."

లక్ష్మక్క అబద్ధం చెప్పలేదు. కొంగుతో మొగం తుడుచుకొని మళ్లా అనింది.

"తెలిసి ఏం చేస్తాంటిమి? ఆటో ఇంకాస్త ముందు దొరుకుతాండె. బతుకుతాండెనో లేదో దేవునికి తెల్సు. గానీ ఒకటి ఇను. డబ్బాలు నేను సూసినా. నువ్వు సూసినావు. మీ యమ్మ సూసింది. నీ సదువు సంపలేదు, మందు సంపింది. మందని తెలిసి చేన్లోకి దింపింది నేను. బుక్కును తిట్టాలంటే ముందు నన్ను తిట్టు."

అప్పుడే పేరు పిలిచినారు. మహాదేవి మెట్లెక్కింది. శాలువా పట్టుకొని పర్వేజ్ నిలబడినాడు. ఆమె శాలువా కప్పించుకోలేదు. మైకు తీసుకొని జనానికి వీపు పెట్టి ఫ్లెక్సీ మూలకు పోయింది. వైరు అందినంత దూరం పోయింది.

"ఈ వంగినోళ్లు పత్తి విడిపిస్తాలేరు. కథలో ఒక బిడ్డ సచ్చిపోతే నేల తాకినారు. అందరివీ వేళ్లు. ఇదొక్కటి అరచెయ్యి. ఇది మా యమ్మ బసమ్మ. మీరు సూస్తాండేటప్పుడు ఈమె సచ్చిపోతాంది. నాగన్న చేను. ముందుదినమే మందు కొట్టినారు, వారమాయె అని చెప్పినారు. నేను సదువుతానే ఉన్నా."

అంతే చెప్పింది. ఎనక వరసలో ఒకాయన చప్పట్లు కొట్టినాడు. కవిత అయిపోయిందనుకున్నాడేమో. పక్కనోళ్లు ఆయన చెయ్యి పట్టుకున్నారు. మైకు ఆయన వచ్చి, అమ్మాయి చాలా భావోద్వేగంలో ఉంది, అందరికీ టీ ఏర్పాటు ఉంది అన్నాడు. జనం టీకి లేసినారు. పర్వేజ్ మాత్రం శాలువా చేతిలోనే పట్టుకొని ఆ మూలనే చూస్తా నిలబడినాడు.

తర్వాత అతను నేను పనిచేసే కూలీల సంఘం ఆఫీసుకు వచ్చి ఫోటో అసలుది ఇచ్చినాడు, తేదీతో, టైముతో. ఇచ్చి కూచొని ఒక మాట చెప్పినాడు. ఆ మూల చీకటిగా ఉందన్నా, నేనే కంప్యూటర్లో వెలుగు పెంచినా, ఆ చెయ్యి బాగా పడాలని పెంచినా, ఎన్ని దినాలు దాని మీద కూచున్నానో అని. నేనేం ఓదార్చలేదు. చూడడం రాని కంటికి వెలుగు పెంచితే ఏమొస్తాది.

ఫోటో పెట్టి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చినాం. ధర్నా చేసినాం. ఆమె ముందునుంచే జబ్బు మనిషి, చేనుకు రావద్దంటే వచ్చింది అని నాగన్న రాసిచ్చినాడు. పూడ్చిన మనిషిని తవ్వి చూసేదానికి ఇప్పుడేం మిగిలింటాది అని పోలీసోళ్లు అడిగినారు. ఫిర్యాదు యాడుందో ఆడనే ఉంది. ఫోటో మాత్రం ఇంకా తిరుగుతాంది. సంగతి తెలిసినోళ్లు కొందరు దాన్ని తీసేసినారు. ఇంకొందరు కుడిపక్క మూల కోసేసి పంపుకుంటాండారు. మూల లేకపోతే అది మళ్లా మంచి ఫోటోనే.

లక్ష్మక్క గుంపును ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరూ పిలవడం లేదు. అది సంఘపోళ్ల గుంపు, ఫోటోలు తీసే గుంపు అని పేరు పడింది. గుంపులో సగంమంది వేరే గుంపులకు పోయినారు. వాళ్లను తప్పు పట్టేదానికి లేదు. మిగిలినోళ్లు తెల్లారితే ఎమ్మిగనూరు రోడ్డు మీద కూలీల అడ్డాలో కూచుంటారు. ఇండ్లు కట్టే బేల్దారి పనికో, కలుపుకో ఎవరన్నా వస్తారేమోనని చూస్తారు. ఎండ ఎక్కేదాకా చూసి ఇంటికి పోతారు.

ఒకరోజు అట్లనే కూచున్నారు. ఎవరూ రాలేదు. లక్ష్మక్క గోనెసంచి విప్పి పుస్తకం తీసి మహాదేవి ఒళ్లో పెట్టింది. ఆ సంచి ఆమె సభనాటి నుంచి తన దగ్గరనే పెట్టుకుంది.

"ఆ గంగమ్మను ఎన్నాళ్లు నిలబెడతావు వరసలో. గంజి పోసినారో లేదో సూడు."

మహాదేవి పుస్తకం తెరవలేదు. ఒకామె లేసి పక్కనున్న అంగట్లో పొట్లం బొరుగులు తెచ్చింది. లక్ష్మక్క అందులోంచి పిడికెడు తీసి మహాదేవి కొంగులో పోసింది. ఆ పక్కామె పిడికెడు పోసింది. వరసగా అందరూ పోసినారు. పొట్లంలో వాళ్లకు మిగిలింది తక్కువ. మహాదేవి ఈసారి తీసి ఎనక్కి పోయలేదు.

తల్లి వంగిన పేజీ దగ్గర తెరిచింది. బిడ్డ సచ్చిపోయే వాక్యం దాటి, దాని కిందనుంచి మొదలుపెట్టింది. గంగమ్మ బిడ్డను కింద పెట్టలేదు. కింద పెడితే వరస తప్పుతాది. మిగతా ఇద్దరికీ గంజి దొరకదు. సచ్చిన బిడ్డను చంకన పెట్టుకొనే గిన్నె చాపింది.

బస్సులు పోతాండాయి. చదువు వినపడక ఆడోళ్లు దగ్గరికి జరిగినారు. ఎవరూ గంగమ్మను తిట్టలేదు ఆ పొద్దు.

మహాదేవి చదువు మునుపటి మాదిరి లేదు. ఒక వాక్యం చదువుతాది, తలెత్తి అందరి చేతులూ చూస్తాది. యాడున్నాయో, ఎట్లున్నాయో చూసి, మళ్లా తల దించి ఇంకొక వాక్యం చదువుతాది. కథ ముక్కలు ముక్కలుగా వస్తాంది. ఇట్లయితే ఆ లావు పుస్తకం ఎప్పటికి అయిపోతాదో. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె తలెత్తినప్పుడల్లా ఆడోళ్లు, ఆమె అడగకముందే, చేతులు మోకాళ్ల మీద కనపడేటట్టు పెట్టుకుంటాండారు.